తర్జుమా లేకుండా అవ్వ మాట

నా భర్త పోయినప్పుడు నేను పక్కన లేను. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒక ఇంటి ముందు రేకుల షెడ్డు ఉంది. అక్కడ, మధ్యాహ్నం పూట పోయారు. ఆత్మకూరులో మాది పాత్రల అంగడి. ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ ఇంటివాళ్ళ దగ్గరే గరిటెలు, స్పూన్లు తెచ్చి అమ్మేవారు. ఆ రోజూ అందుకే వెళ్ళారు. షెడ్డులో కూర్చున్నప్పటి నుంచి పక్కకు ఒరిగిపోయేదాకా అరగంట గడిచిందని ఆయనను ఇంటికి తెచ్చినవాళ్ళు చెప్పారు. పని ఆడవాళ్ళు అన్నానికి వెళ్ళిన వేళ, ఆ అరగంటను మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆ ఇంటి పెద్దామె. ఆమెను ఊరంతా అవ్వ అనేది, మేమూ అవ్వ అనేవాళ్ళం. రెండో మనిషి ఆమె కూతురు, నలభై దాటిన మనిషి, తల్లి తర్వాత పనంతా ఆమెదే.

పదో రోజున ఆ కూతురు మా ఇంటికి వచ్చింది. బంధువుల మధ్య నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"కష్టపడలేదక్కా. కూర్చున్నట్టే పోయినాడు," అంది.

కూర్చున్నట్టే పోతే అరగంట ఎందుకు పట్టిందని అడగాలనిపించింది. చుట్టూ జనం. అడగలేదు.

తర్వాత అడగడానికి వెళ్ళనూ లేదు. మా ఇళ్ళల్లో భర్త పోయిన ఆడమనిషి ఏడాది తిరిగేదాకా ఊరు దాటదు. నేను చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మనని పదిమందిలో చెప్పినదాన్ని. అయినా దాటలేదు. పెద్దవాళ్ళకు భయపడి కాదు. వెళ్ళకుండా ఉండడానికి ఒక కారణం దొరికిందని లోపల తేలిక పడ్డాను. రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ కూతురే తీసి, "అవ్వకు ఫోన్లో వినపడదక్కా. నువ్వు వస్తావు గదా, అప్పుడు మాట్లాడుదువులే," అంది.

సంవత్సరీకం అయిన వారానికి ఉదయగిరి బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం. అడగవలసిన మాటలన్నీ దారిలో వరసగా పెట్టుకున్నాను. షెడ్డులో మంచం మీద అవ్వ పడుకుని ఉంది. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చిందని, నాకు చెప్పి బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నామని కూతురు చెప్పింది. కుడి చెయ్యి లేవడం లేదు. నేను "అవ్వా, ఎట్లున్నావు?" అన్నాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఏదో చెప్పసాగింది. అంతా ఉర్దూ.

"తెలుగు పోయినాదక్కా," అంది కూతురు. "డాక్టరు చెప్పినాడు, కొందరికి అట్ట అవుతాదంట. చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడినది మిగిలి, బజార్లో నేర్చుకున్నది పోతాదంట."

ఉదయగిరి బజారంతా తెలుగులో బేరాలాడిన మనిషి. మా ఆయనను తెలుగులో దెప్పిపొడిచి నవ్వించిన మనిషి. ఆయన మాత్రం ముప్పై ఏళ్ళ రాకపోకల్లో వాళ్ళ మాట నేర్చుకున్నారు. నాకు ఒక్క ముక్కా రాదు.

అవ్వ చాలాసేపు మాట్లాడింది. ఎడమ చేత్తో షెడ్డు మూల చూపించింది, వీధి వైపు చూపించింది, మళ్ళీ మూల చూపించింది. ఆపాక నేను కూతురి వైపు చూశాను.

"నిన్ను చూస్తే ఏడుపొస్తా ఉండాదంట," అంది కూతురు.

అంత పొడుగు మాటకు ఇంత పొట్టి తర్జుమా ఉండదు. తిరుగు బస్సులో కూర్చున్నాక ఇక వేరే ఆలోచన రాలేదు. అవ్వ చెప్తోంది. కూతురు చెప్పనివ్వడం లేదు. మధ్యలో మనిషి లేకుండా నేనే వినాలి, అవ్వకు ఈ మిగిలిన మాట కూడా పోకముందే.

ఉర్దూ నేర్పే పుస్తకం ఒకటి నెల్లూరు నుంచి తెప్పించుకున్నాను. తెలుగు లిపిలోనే ఉంది. నేను నలభై ఏళ్ళుగా చదువుతున్నదాన్ని. చేతిలో పుస్తకం లేకుండా అన్నం తిన్న రోజులు తక్కువ. ఏ భాషైనా అచ్చులోంచి వస్తుందని నా నమ్మకం. నెల రోజుల్లో మూడు వందల మాటలు నోటుబుక్కులోకి ఎక్కించాను. ఆ నెల చివర షెడ్డులో కూర్చుంటే వాటిలో ఒక్కటీ వినపడలేదు. పుస్తకంలో మనుషులు ఒకరినొకరు ఎంతో మర్యాదగా కుశలమడుగుతారు, స్టేషనుకు దారి అడుగుతారు. ఉదయగిరి షెడ్డులో ఎవరూ స్టేషనుకు దారి అడగరు. వాళ్ళ మాటలు వేగంగా, ఒకదాని మీద ఒకటి పడేవి. మధ్యలో ఆకురాయి చప్పుడు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ప్రతి గురువారం పొద్దున బస్సుకు వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉండేదాన్ని. ఊరికే కూర్చోవడం బాగుండదని ఉప్పుకాగితం తీసుకుని గరిటెల కాడలు రుద్దేదాన్ని. మగవాళ్ళు పొద్దున్నే కొయ్య చెక్కి పెట్టి పోతారు, నునుపు చేసే పని ఆడవాళ్ళది. రుద్దుతూ వినేదాన్ని. గరిటెల కోసం వెళ్తున్నానని అంగడిలో మా మరిదికి చెప్పాను. నేర్చుకుంటున్న సంగతి షెడ్డులో వాళ్ళకు చెప్పాను. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా ఆడపడుచు నా పక్క వీధిలోనే ఉంటుంది. ఒక రోజు వచ్చి, నేను పైకి చదువుతుంటే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంది వదినా, సాయిబుల మాట నేర్చుకుని ఏం చేస్తావు? దుబాయి గానీ పోతా ఉండావా?"

"ఊరికేనే," అన్నాను.

"గోడతో మాట్లాడతా ఉండాది, అన్న పోయినాక మతి చెడిందని అనుకుంటా ఉండారు."

"ఎవరు అనుకుంటా ఉండేది?"

"నేనే," అంది, మంచినీళ్ళు తీసుకుని తాగుతూ.

ముందుకు పోతున్నానో లేదో తెలియకపోవడమే అన్నిటికంటే కష్టంగా ఉండేది. బడిలోనైతే పరీక్ష ఉంటుంది. ఇక్కడ నాకు ఎవరు చెప్పాలి? నోటుబుక్కులో మాటలు పెరిగేవి, అది లెక్కలోకి రాదని మొదటి నెలలోనే తెలిసింది. ఒక గురువారం చాలా అర్థమైనట్టు ఉండేది. మరుసటి గురువారం అదే మనుషులు అదే మూల కూర్చుని మాట్లాడితే మొదటి రోజులాగే ఉండేది. వెనక్కి పోయానేమోనని బస్సులో నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి చూసుకునేదాన్ని.

మూడో నెలలో ఒక మార్పు జరిగింది. వాళ్ళ వాక్యం ఎక్కడ ఆగిందో వినపడింది. అందులో ఏముందో తెలియదు. ఇక్కడ ఒకటి అయిపోయింది, ఇక్కడ ఇంకొకటి మొదలైంది అని మాత్రం తెలిసింది. అంతకుముందు అంతా ఒకే ప్రవాహంగా ఉండేది. అది ముందడుగని నాకు అప్పుడు తట్టలేదు. ఇంకా ఏమీ రాలేదనే ఏడ్చాను.

పక్కింటామె ఒకతె అక్కడ పనికి వచ్చేది. పెద్ద నోరు, మంచి మనసు. అందరూ నవ్వితే నేనూ నవ్వడం ఆమె కనిపెట్టింది.

"ఏంది శెట్టెమ్మా, మాతో పాటు నవ్వుతా ఉండావు? ఇప్పుడు నేనేం చెప్పినానో చెప్పు చూద్దాం."

"మీ ఆయన గురించి ఏదో అన్నావు," అన్నాను.

"నా మొగుడి గురించి నేను ఎప్పుడూ చెప్తానే ఉంటా. అది కనిపెట్టేదానికి ఉర్దూ రావాల్నా?"

ఈసారి అందరూ నా మీద నవ్వారు. మంచంలో అవ్వ కూడా నవ్వింది. ఆమెకు ఒక పక్కే నవ్వు వచ్చేది.

అవ్వ ప్రతి వారమూ నాకు ఆ సంగతే చెప్పేది. షెడ్డు మూల చూపించడం, వీధి చూపించడం. అయిదో నెలకు అందులో రెండు మాటలు పట్టుకున్నాను. గాడీ అంటే బండి. నక్కో అంటే వద్దు. ఆ రెండు మాటలతో ఇంటికి వచ్చి నేను ఒక కథ కట్టేశాను. బండి పిలవాలని అవ్వ అంది. వద్దని కూతురు అంది. ఖర్చనో, భయమనో, పని చెడుతుందనో అరగంట గడిపింది. అందుకే నాకు సరిగా చెప్పడం లేదు.

ఏమీ రానప్పుడు ఇంత తప్పు చేసి ఉండేదాన్ని కాదు. రెండు మాటలు వచ్చాయి కాబట్టే చేశాను. మిగిలిన మాటలన్నీ నేనే పెట్టుకున్నాను, అవి అవ్వ అన్నవే అనుకున్నాను. రెండు నెలలు ఆ కూతురు ఇచ్చిన టీ తాగుతూ, ఆమె పెట్టిన అన్నం తింటూ, ఆమె మీద కోపం పెంచుకున్నాను. ఆమె నా ముఖం చూసి, "ఆరోగ్యం బాగుండలేదా అక్కా?" అని అడిగేది. బాగుందనేదాన్ని. అడిగేసి ఉండవచ్చు. కానీ ఆమె మళ్ళీ పొట్టి తర్జుమా చేస్తుంది. అవ్వ నోటి నుంచే పూర్తిగా వినాలని ఆగాను.

ఆగడానికి వ్యవధి తక్కువని తెలుస్తూనే ఉంది. నాకు మాటలు పెరుగుతున్నకొద్దీ అవ్వకు తగ్గుతున్నాయి. ఇలా రాస్తే వాక్యం అందంగా కనిపిస్తుంది. అప్పుడు అందులో అందమేమీ లేదు. ప్రతి గురువారం షెడ్డు మలుపు తిరిగేటప్పుడు, మంచం ఖాళీగా ఉంటుందేమోనని కాళ్ళు నెమ్మదించేవి. అవ్వ పొడుగు మాటలు పొట్టివయ్యాయి. కొన్నాళ్ళకు మూల చూపించడం మిగిలింది గానీ వీధి చూపించే ఓపిక లేకపోయింది. "నీళ్ళు కూడా అడగడంలే అక్కా. మనమే చూసి పొయ్యాల," అని కూతురు చెప్పింది.

ఏడో నెలలో ఒక రోజు నేను షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళందరూ మాట ఆపేశారు. నేను కూర్చుని ఉప్పుకాగితం తీసుకున్నాను. కాసేపటికి వాతావరణం గురించి ఏదో అనుకున్నారు. మధ్యాహ్నం నేను చేతులు కడుక్కుని వచ్చినప్పుడూ అంతే, గొంతులు తగ్గాయి. నేను వాళ్ళకు భారమయ్యానని అర్థం చేసుకున్నాను. ఇక రావొద్దని చెప్పలేక ఇలా చేస్తున్నారనుకున్నాను. మరుసటి గురువారం తెల్లవారి లేచి, చీర మార్చుకుని, బస్టాండు దాకా వెళ్ళి, బెంచీ మీద కూర్చుని ఒక బస్సు వదిలేశాను. రెండో బస్సు ఎక్కింది ధైర్యం వచ్చి కాదు. అవ్వ ఇంకో వారం ఉంటుందో లేదోనని.

వెళ్ళాక పక్కింటామెను పక్కకు పిలిచి అడిగేశాను. "నేను వస్తా ఉంటే మీకు ఇబ్బందిగా ఉందా?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"ఇబ్బంది కాకుండా ఎట్టుంటాది శెట్టెమ్మా? ముందయితే నువ్వు కూర్చుంటే మూలన బియ్యం మూట కూర్చున్నట్టు ఉండేది. ఎవురి గురించి ఏమన్నా మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు నీకు తెలిసిపోతా ఉండాది. నీ పుణ్యాన మా అత్తల్ని తిట్టుకునేదానికి కూడా లేకుండా పోయినాది."

"నాకేం తెలుస్తా ఉంది? సగం కూడా తెలియదు."

"మొన్న నేను మా ఆడబిడ్డ చీర గురించి అంటే నువ్వు తలెత్తి చూసినావు. తెలియనోళ్ళు అట్ట చూడరు మే."

ఏడు నెలల్లో నాకు తెలిసిన మొదటి పరీక్ష ఫలితం అదే. నేను తల ఎత్తినట్టు నాకు గుర్తు లేదు. ఆడబిడ్డ చీర మాత్రం గుర్తుంది. ఆ మాట తెలుగులో విన్నానా, ఉర్దూలో విన్నానా అని ఆలోచిస్తే తేలలేదు. సంతోషించాల్సింది. నాకు భయం పుట్టింది. ఇంక చేతకాదని చెప్పుకుని ఆగడానికి లేదు. అవ్వను అడగాలి.

పై వారం వాళ్ళ వీధిలో పెళ్ళి. పని ఆడవాళ్ళెవరూ రాలేదు. ఆకురాళ్ళ చప్పుడు లేని షెడ్డు నేను చూడడం అదే మొదటిసారి. అవ్వ, కూతురు, నేను. పొద్దున అవ్వ గంజి తాగిందని, మాట కొంచెం తేటగా ఉందని కూతురు చెప్పింది. నేను మంచం దగ్గర కింద కూర్చున్నాను. బస్సులో గంటన్నర అనుకుంటూ వచ్చిన మాట అడిగాను. "ఉస్ దిన్ క్యా హువా, అవ్వా?" ఆ రోజు ఏం జరిగింది?

అవ్వ మూల చూపించింది. ఒక్కొక్క మాటా విడిగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

ఆ మూల కూర్చుని రొమ్ము రుద్దుకుంటున్నాడు. చెమటలు పోస్తున్నాయి. గాడీ బులాతూ బోలీ మై, అంది అవ్వ. బండి పిలుస్తానన్నాను. నక్కో బోలే. వద్దన్నాడు. నా బిడ్డ వీధిలోకి పరిగెత్తింది, ఆటో తెచ్చింది. ఆటోను పంపేశాడు. ఘర్ జాకే అజ్వాన్ కా పానీ పీతూ బోలే. ఇంటికి పోయి వాము నీళ్ళు తాగుతానన్నాడు. మా ఇంటామె ఇస్తుంది, తగ్గిపోతుంది, ఇంతకుముందూ తగ్గింది అన్నాడు. బస్ కబ్ హై పూఛే. బస్సు ఎప్పుడని అడిగాడు. రెండుసార్లు అడిగాడు.

అవ్వ ఆగింది. కూతురు అలవాటుగా నోరు తెరిచింది. నా ముఖం చూసి మూసుకుంది. ఏమీ తర్జుమా చేయలేదు.

వంటింటి మాటలు నాకు మొదట్లోనే వచ్చాయి. అజ్వాన్ అంటే వాము. అందులో సందేహం లేదు.

ఆయన పోవడానికి ముందు పది రోజుల్లో రెండుసార్లు రొమ్ములో పట్టేసినట్టుందని అన్నారు. నేను వాము నలిపి మరిగించి ఇచ్చాను. గ్యాసు అన్నాను. రెండుసార్లూ కాసేపటికి తగ్గింది. ఆయన పోయాక ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు, ఆడపడుచుకు చెప్పలేదు. రాయడం కూడా ఇదే మొదలు.

"అందుకే చెప్పలేదక్కా," అంది కూతురు, తెలుగులో. "నీకు తెలిస్తే తట్టుకోలేవనుకున్నా. నువ్వు వచ్చి మాటలు నేర్చుకుంటా ఉంటే నాకు గుండె దడగా ఉండేది. వారం వారం చూస్తానే ఉండా, యాడ దాకా వచ్చినావో అని. రాకుండా ఉంటే బాగుండని మొక్కుకున్నా కూడా."

నేను ముందుకు పోతున్నానో లేదో ఎవరూ చెప్పడం లేదని అన్ని నెలలు బాధపడ్డాను. నాకంటే జాగ్రత్తగా లెక్కపెట్టిన మనిషి ఎదురుగానే ఉంది. ఆమె మీద నేను రెండు నెలలు కోపం పెట్టుకున్నాను. అది ఆమెకు చెప్పాను. ఆమె "పోనీలే అక్కా" అంది. అంతకంటే పెద్ద మాట అంటే నాకు నమ్మకం కలిగేది కాదు.

అవ్వ నా చెయ్యి తట్టింది. ఆమె ఇంకా తన మాటలోనే ఉంది.

"తూ దేతీ థీ నా?" అని అడిగింది. నువ్వు ఇచ్చేదానివి గదా?

"హౌ," అన్నాను. "దీ. దో బార్ దీ." అవును, ఇచ్చాను. రెండుసార్లు ఇచ్చాను.

ముందు తెలుగులో అనుకుని తర్వాత మార్చి చెప్పిన మాట కాదది. అదే నోటికి వచ్చింది. అది గమనించడానికి కూడా కొంత సేపు పట్టింది.

అవ్వ తల ఊపింది. తప్పనలేదు, కాదనలేదు. అలసిపోయి కళ్ళు మూసుకోబోయింది. నాకు కంగారు పుట్టింది. ఇంకో గురువారం ఉంటుందో లేదో. నేను ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని, బస్సు సంగతి మళ్ళీ చెప్పమన్నాను. ఆయన ఎలా అడిగారో అలాగే చెప్పమన్నాను. కూతురు తల్లి వీపు కింద చెయ్యి పెట్టి కొంచెం పైకి లేపి, దిండు సర్దింది.

అవ్వ కొంచెం నీళ్ళు తాగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. ఈసారి నాకు ఒక్క మాటా తప్పిపోలేదు.